కోరా గుడ్డలో ఏముంది?

పిల్లలూ, ఇవాళ మన కబుర్లు చవక గుడ్డ గురించి. బట్టల కొట్లో రంగురంగుల తానులన్నీ కళ్లెదురుగా పరిచి ఉంటాయి. అన్నిటికంటే కింది అరలో, కొన్ని కొట్లలో నేలమీదే, వెన్నరంగు తానొకటి పడి ఉంటుంది. రంగు లేదు, పువ్వు లేదు, మెరుపు లేదు. పట్టుకుంటే బిరుసు. అక్కడక్కడ గోధుమరంగు చుక్కలు, నల్లటి చుక్కలు. దాన్నే కోరా గుడ్డ అంటారు. కలంకారీ పనివాళ్లు గాడా అంటారు. పరుపు సంచికీ, దిండు లోపలి గలీబుకీ, ఆవకాయ జాడీకి వాసెన కట్టడానికీ తప్ప దాన్ని అడిగేవాళ్లు తక్కువ. బొంతలు కుట్టేవాళ్లకీ చేతిపనులు చేసేవాళ్లకీ మాత్రం దాని విలువ బాగా తెలుసు.

ఆ గుడ్డ నాసిరకమని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మగ్గం దిగిన గుడ్డకు ఆ తర్వాత జరగాల్సిన పనులు చాలా ఉంటాయి. గంజి తియ్యాలి, మైనం వదిలించాలి, తెల్లబరచాలి, రంగు అద్దాలి, చాపు చెయ్యాలి. కోరా గుడ్డకు వీటిలో ఏదీ జరగలేదు. అందుకే చవక. ఆ మిగిలిపోయిన పనిలో మనకు కావలసినంత మనం ఇంట్లోనే చేసుకోగలం. అయితే ఏం మిగిలిందో ముందు తెలియాలి. దానికి ప్రయోగశాల అక్కర్లేదు. ఒక చుక్క నీళ్లు, ఒక చుక్క అయోడిన్, కొలిచే టేపు ఉంటే చాలు.

ముందు నీళ్ల చుక్కతో మొదలుపెడదాం. కొత్త కోరా గుడ్డ ముక్కను బల్ల మీద పరిచి, వేలితో ఒక చుక్క వెయ్యండి. అది ఇంకదు. గుండ్రంగా కాసేపు అలాగే నిలబడుతుంది. అదే చుక్కను ఇంట్లో ఉతికి ఉతికి మెత్తబడ్డ పాత పంచె మీద వెయ్యండి. పడీపడగానే మాయం. రెండూ పత్తి గుడ్డలే కదా, మరి ఈ తేడా ఎక్కడిది?

తేడా పత్తి మొక్కలోనే ఉంది. పత్తిపోగు అంటే ఏమిటో తెలుసా? గింజ తోలు మీద మొలిచిన వెంట్రుక. ఒక్కో వెంట్రుకా ఒకే ఒక్క జీవకణం! మన ఒంట్లో కణాలు మామూలుగా కంటికి కనిపించవు. పత్తిలో మాత్రం ఒక్క కణం అంగుళం పొడవు సాగుతుంది. పువ్వు విచ్చిన రోజే అది గింజ మీద మొలకెత్తి, దాదాపు మూడు వారాలపాటు పొడవు పెరుగుతుంది. ఆ తర్వాత లోపలివైపు పొర మీద పొరగా సెల్యులోజ్ పేరుకుంటుంది. కాయ పగిలేదాకా ఆ పోగు లోపల తడిగా, గుండ్రంగా ఉంటుంది. కాయ పగిలి ఎండ తగలగానే లోపలి తడి ఆరిపోయి, నీళ్లు ఆగిపోయిన తోట గొట్టంలా చప్పబడి మెలితిరుగుతుంది. ఆ మెలికలే పత్తి అదృష్టం. పక్కపక్క పోగులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి కాబట్టే వడికితే నూలవుతుంది. బూరుగు దూది చూడండి, ఎంత మెత్తగా, ఎంత తెల్లగా ఉంటుందో! కానీ దాని పోగులు నున్నగా ఉంటాయి, మెలికలుండవు. అందుకే దాన్ని ఒంటరిగా వడకడం కుదరదు, దిండ్లలో కూరుకోవడానికే పనికొస్తుంది.

ఇంక మైనం సంగతి. ఆకుల మీదా, కాయల మీదా మొక్క సన్నటి మైనపు పొర కప్పుకుంటుంది. పత్తిపోగు కూడా మొక్కలో భాగమే కనుక దానికీ ఆ పొర ఉంటుంది. తూకంలో చూస్తే నూటికి ఒక పాలు కూడా ఉండదు. దానితోపాటు పెక్టిన్ అనే జిగురు పదార్థం, కొద్దిగా ప్రొటీను. మిగిలినదంతా, అంటే నూటికి తొంభైకి పైగా, సెల్యులోజే. నూటికి ఒక పాలైనా లేని ఆ మైనమే మన నీళ్ల చుక్కను నిలబెట్టింది. వడికేటప్పుడు ఆ మైనం పోగు జారడానికి సాయపడుతుంది కాబట్టి మిల్లులు దాన్ని ముందే తీసెయ్యవు. కోరా గుడ్డలో అది అలాగే ఉండిపోతుంది. ఆ నల్ల చుక్కలు కూడా అంతే. గింజ తీసే జిన్నింగులో పూర్తిగా వదలని గింజ తోలు ముక్కలు, ఎండాకుల పొడి అవి. మురికి కాదు. నాకైతే ఆ చుక్కలు ఉన్న గుడ్డే ఇష్టం. పత్తి చేను ఆనవాలు అందులో కనిపిస్తుంది.

ఇప్పుడు రెండో పరీక్ష. దెబ్బలకు రాసే టింక్చర్ అయోడిన్‌లో కొద్దిగా నీళ్లు కలిపి, కోరా గుడ్డ మూల మీద ఒక చుక్క వెయ్యండి. గోధుమరంగు మందు గుడ్డ మీద పడగానే ముదురు నీలంగా, నల్లగా మారిపోతుంది. బడిలో ఉడికిన బంగాళాదుంప ముక్క మీద చేసిన ప్రయోగం గుర్తొచ్చిందా? అదే ఇది. గుడ్డలో పిండి ఉంది!

పిండి గుడ్డలోకి ఎలా వచ్చింది? మగ్గం మీద నిలువు పోగుల్ని పడుగు అంటారు. అడ్డంగా నేసేది పేక. పేకకు పెద్ద కష్టం లేదు, నాడెతో అటూ ఇటూ తిరుగుతుంది. పడుగుకే చావంత కష్టం. ఎప్పుడూ బిగుతుగా లాగి ఉంటుంది, ప్రతి పేకకూ పైకీ కిందికీ కదులుతుంది, దువ్వెనలాంటి అచ్చు పళ్ల మధ్య రాసుకుంటుంది. నూలు పీచు లేచి తెగిపోకుండా దానికి గంజి పెడతారు. మన చేనేత వీధుల్లో తెల్లవారుజామున పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచెతో దువ్వడం మీలో కొందరు చూసే ఉంటారు. అలా దువ్వితే లేచిన పీచంతా నూలుకు అంటుకుపోతుంది. మిల్లుల్లో ఇదే పని పెద్ద యంత్రాలు చేస్తాయి. బియ్యపు గంజికి బదులు మొక్కజొన్న పిండి, చింతగింజల పిండి వాడతారు. కొన్నిచోట్ల పాలీవినైల్ ఆల్కహాల్ అనే పదార్థం కలుపుతారు. అదీ వేడినీళ్లలో కరిగేదే. నేత పూర్తయ్యాక ఆ గంజితో గుడ్డకు పని లేదు. కానీ గంజి గుడ్డలోనే ఉండిపోతుంది. ఆ బిరుసుతనం దానిదే.

ఇక్కడ ఒక మంచి విషయం చెబుతాను, జాగ్రత్తగా వినండి. గంజిలోని పిండీ, పత్తిలోని సెల్యులోజూ రెండూ గ్లూకోజ్ గొలుసులే. ఒకే రకం పూసలు. దారంలో పూసను పూసకు ముడివేసే తీరు మాత్రం వేరు. అంత చిన్న తేడాతో ఒకటి మనకు అన్నమైంది, ఇంకొకటి గుడ్డయింది. మన లాలాజలంలో ఉండే ఎమైలేజ్ అనే ఎంజైము పిండి ముడిని తెంపగలదు, సెల్యులోజ్ ముడిని తాకనైనా తాకలేదు. ఫ్రాన్సులో ఆన్సెల్మ్ పాయెన్ అనే రసాయన శాస్త్రవేత్త ఉండేవాడు. మొలకెత్తిన బార్లీలో పిండిని చక్కెరగా మార్చే పదార్థం ఉందని 1833లో పెర్సో అనే మరో శాస్త్రవేత్తతో కలిసి కనిపెట్టింది ఆయనే. డయాస్టేజ్ అని పేరు పెట్టారు. మనుషులు పట్టుకున్న మొట్టమొదటి ఎంజైము అది. మొక్కల గోడల్లో ఉండే సెల్యులోజ్‌ను 1838లో విడదీసి చూపింది కూడా ఆయనే. కోరా గుడ్డలో ఒకదాన్ని పోగొట్టి ఇంకొకదాన్ని నిలబెట్టాలంటే ఈ రెండు సంగతులే ఆధారం. ఇప్పటికీ చాలా మిల్లుల్లో ఎమైలేజ్ కలిపిన నీళ్లతోనే గంజి వదిలిస్తారు. గంజి పోతుంది, గుడ్డకు ఈగ వాలినంత దెబ్బ కూడా తగలదు.

మీరూ చూడొచ్చు. గోరువెచ్చటి నీళ్లు చెంచాడు తీసుకుని అందులో కాస్త ఉమ్మి కలపండి. ఆ నీళ్లు కోరా గుడ్డ మీద ఒకచోట పోసి అరగంట తడిగా ఉంచండి. మంచినీళ్లతో కడిగి, అక్కడా, పక్కనా అయోడిన్ వెయ్యండి. పక్కన నీలం దట్టంగా వస్తుంది. ఉమ్మి తగిలినచోట రంగు పలచబడుతుంది. అన్నం నమిలితే తియ్యగా ఎందుకవుతుందో మీకు ఇప్పుడు గుడ్డ మీద కనిపించినట్టే.

ఇంట్లో గుడ్డ మొత్తానికి గంజి తియ్యడానికి ఉమ్మి అక్కర్లేదు లెండి. గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెడితే చాలు. నీళ్లలోని సూక్ష్మజీవులు గంజిని తినేస్తాయి. పొద్దున్నే నీళ్లు తెల్లగా చిక్కబడి, కాస్త పులిసిన వాసన వస్తుంది. భయపడకండి, అది గంజి వదిలిందనడానికి గుర్తు. వేసవిలో ఒక్క రాత్రి చాలు. చలికాలంలో ఇంకో పూట పడుతుంది. అంతకు మించి ఉంచితే మాత్రం బూజు పట్టి గుడ్డ మీద మచ్చలు పడతాయి.

మైనం మాత్రం చన్నీళ్లకు లొంగదు. దానికి వేడి కావాలి, క్షారం కావాలి. వేడికి మైనం కరుగుతుంది. క్షారం పెక్టిన్‌ను కరిగిస్తుంది. సబ్బు ఆ కరిగిన మైనాన్ని నీళ్లలో కలుపుకుని పోతుంది. మన రజకులు ఈ పని తరతరాలుగా చేస్తున్నారు. చౌడు నేలల్లో తెల్లగా పొంగే ఉప్పులో సోడియం కార్బనేట్ అనే క్షారం ఉంటుంది. ఆ చౌడు కలిపిన నీళ్లలో బట్టల్ని తడిపి, బాన మీద పేర్చి ఆవిరి పట్టించేవారు. ఉబ్బకెయ్యడం అనేవారు దాన్ని. తర్వాత రేవులో బండ మీద బాదేవారు. గుడ్డ చిరిగిపోదా అంటారేమో. పత్తిలో ఒక విశేషముంది. తడిసినప్పుడు దాని బలం తగ్గదు సరికదా, కాస్త పెరుగుతుంది. రేయాన్ దీనికి సరిగ్గా వ్యతిరేకం, తడిస్తే బలహీనపడుతుంది. రేవు బండ మీద పత్తి గుడ్డ అన్నేళ్లు నిలిచిందంటే కారణం అదే.

మీ ఇంట్లో చేసుకునే పద్ధతి ఇది. రాత్రి నానబెట్టిన గుడ్డను పిండి, పెద్ద స్టీలు గిన్నెలో నీళ్లు పోసి, లీటరుకు ఒక చిన్న చెంచా చాకలి సోడా, కాస్త సబ్బు పొడి వేసి అరగంట ఉడికించండి. అల్యూమినియం గిన్నె మాత్రం వాడొద్దు. సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, గిన్నే పోతుంది, గుడ్డా నల్లబడుతుంది. చిన్నపిల్లలు పొయ్యి దగ్గరికి రావద్దు, ఈ పని పెద్దవాళ్లది. ఉడికిన నీళ్లు చూడండి, టీ రంగులో ఉంటాయి. చల్లారాక రెండుమూడు నీళ్లలో జాడించి ఎండలో ఆరెయ్యండి. ఆరాక మళ్లీ ఒక నీళ్ల చుక్క వెయ్యండి. ఈసారి నిలబడదు, గుటుక్కున మింగేస్తుంది. ఇలా నీళ్లు పీల్చే గుడ్డే రంగును కూడా సమంగా పీలుస్తుంది. మైనం పోని గుడ్డకు రంగు వేస్తే మరకలు మరకలుగా పట్టడానికి కారణం ఇప్పుడు మీరే చెప్పగలరు.

మూడో పరీక్షకు వద్దాం. బొంత కుట్టేవాళ్లకు అన్నిటికంటే ముఖ్యమైంది ఇదే. కొత్త కోరా గుడ్డ మీద పెన్సిలుతో నిలువు యాభై సెంటీమీటర్లు, అడ్డం యాభై సెంటీమీటర్లు గీసి, నానబెట్టి, ఆరబెట్టి, మళ్లీ కొలవండి. రెండువైపులా తగ్గుతుంది. మామూలుగా పడుగు వైపే ఎక్కువ తగ్గుతుంది. కొన్ని గుడ్డలు మీటరుకు ఐదారు సెంటీమీటర్లు, కొన్ని ఇంకా ఎక్కువ కుంచించుకుపోతాయి.

పోగు పొట్టిదైపోయిందా? లేదు. పత్తిపోగు తడిసినప్పుడు లావవుతుంది, పొడవులో మాత్రం దాదాపు మారదు. గుడ్డలో పడుగు పోగు పేక పోగు మీదుగా ఒకసారి, కిందుగా ఒకసారి వంపులు తిరుగుతూ పోతుంది. పేక లావైతే దాన్ని చుట్టి రావడానికి పడుగు ఎక్కువ దూరం నడవాలి. పోగు పొడవు అంతే ఉంది, వంపులు పెరిగాయి, అంచేత గుడ్డ పొడవు తగ్గింది. దీనికి తోడు మగ్గం మీద పడుగును అంత సేపు బిగబట్టి లాగారు కదా. తడి తగలగానే ఆ లాగుడు వదిలి, పోగు తన సహజమైన తీరుకు వచ్చేస్తుంది. ఆరాక పోగు సన్నబడినా గుడ్డ మళ్లీ వెనక్కి సాగదు. అమెరికాలో శాన్‌ఫర్డ్ క్లూయెట్ అనే ఆయన, గుడ్డను యంత్రంలోనే ముందుగా కుదించి పంపే పద్ధతి కనిపెట్టాడు. దుస్తుల మీద శాన్‌ఫరైజ్డ్ అని ముద్ర వేసేది అందుకే. కోరా గుడ్డకు అలాంటిదేమీ జరగలేదు.

ఇప్పుడు ఆలోచించండి. పాత నేతచీరలు ఎన్నో ఏళ్లుగా ఉతికినవి, కుంచించుకోవలసినంత ఎప్పుడో కుంచించుకున్నాయి. వాటిని పైన పేర్చి, అడుగున కొత్త కోరా గుడ్డ తడపకుండా వేసి బొంత కుట్టారనుకోండి. కుట్టినరోజు బాగానే ఉంటుంది. మొదటిసారి ఉతకగానే అడుగు గుడ్డ లాగేసుకుంటుంది, పైపొరలు ముడతలు పడి ఉబ్బుతాయి, కుట్లు తెగుతాయి. అన్ని రోజుల పని పాడవుతుంది. ఒక్క పూట ముందుగా నానబెట్టి ఉంటే ఆ బాధే లేదు.

బొంత అనగానే వెచ్చదనం గుర్తొస్తుంది. నిజానికి బొంతలో వేడి ఏమీ లేదు. వేడి మన ఒంట్లోనే ఉంది. నిద్రపోతున్న పెద్దవాళ్ల ఒళ్లు దాదాపు 70, 80 వాట్ల వేడిని బయటికి వదులుతూ ఉంటుంది. బొంత చేసే పని ఆ వేడిని తొందరగా పోనివ్వకపోవడం. అదీ పత్తి వల్ల కాదు, పత్తిపోగుల మధ్య ఇరుక్కున్న గాలి వల్ల. కదలని గాలి వేడిని చాలా నెమ్మదిగా దాటనిస్తుంది. అదే జాగాలో నీళ్లుంటే దాదాపు పాతిక రెట్లు తొందరగా దాటనిస్తాయి. చెమ్మగిల్లిన బొంత కప్పుకుంటే వణుకు పుట్టేది అందుకే. బొంతను ఎండలో వెయ్యమని ఇంట్లో పెద్దవాళ్లు పోరేది కూడా అందుకే. ఎండకు చెమ్మ పోతుంది, అణిగిన దూది పొంగి గాలి చేరుతుంది.

దూది పెట్టి కుట్టే బొంతలో కుట్టుకు రెండు పనులున్నాయి. దూది ఒక మూలకు జారిపోకుండా పట్టుకోవాలి, గాలిని మాత్రం నలిపెయ్యకూడదు. జానెడు జానెడు ఎడంతో కుడితే దూది ఉండలు కడుతుంది. మరీ వేలెడు ఎడంతో కుడితే గట్టిపడి చాపలా తయారవుతుంది, వెచ్చదనం తగ్గుతుంది. నా మట్టుకు నాకు నాలుగు వేళ్ల ఎడం సరైనది. దూదేకులవాళ్లు వింటినారితో ఏకిన దూది దొరికితే ఇంకా మంచిది, పోగులు విడివిడిగా పొంగి ఉంటాయి కనుక. చీరలు మాత్రమే పేర్చి కుట్టే బొంతకు ఈ చిక్కు లేదు. పొర పొరకూ మధ్య గాలి దానంతటదే ఉంటుంది.

చేత్తో కుట్టడానికి కోరా గుడ్డను మించింది లేదని నేను గట్టిగా అంటాను. నేత మరీ దట్టంగా ఉండదు కాబట్టి సూది సులువుగా దిగుతుంది. పాప్లిన్ లాంటి దట్టమైన గుడ్డ నాలుగు పొరలు పెట్టి కుట్టి చూడండి, వేళ్లు నొప్పెడతాయి. ముక్కలు కత్తిరించేటప్పుడు పడుగు వెంటో పేక వెంటో కత్తిరించాలి. ఐమూలగా కత్తిరిస్తే అంచు సాగిపోయి, ముక్కకు ముక్క కలవదు. ఆ సాగే గుణం పైపింగుకు పనికొస్తుంది. గుండ్రటి అంచుకు పట్టీ వెయ్యాలంటే దర్జీలు ఐమూల పట్టీయే కోస్తారు. దాన్నే క్రాస్ పట్టీ అంటారు. చేతిసంచులు, గుడ్డబొమ్మలు, దిండు గలీబులు, కుట్టుపని నేర్చుకునే గుడ్డ, జాకెట్టు కొలత సరిచూసుకోవడానికి ముందుగా కుట్టే నమూనా, అన్నిటికీ ఇదే గుడ్డ చాలు. కొత్తగా నేర్చుకునేవాళ్లకు చెడిపోతుందన్న భయం ఉండదు. భయం లేకపోతేనే చెయ్యి తిరుగుతుంది.

కొనేటప్పుడు నూలు నంబరు అడగండి. నంబరు పెరిగినకొద్దీ నూలు సన్నం. దాని లెక్క ఇలా ఉంటుంది. ఒక పౌను, అంటే 454 గ్రాముల నూలులో 840 గజాల చిలపలు ఎన్ని వస్తే అంత నంబరు. ఇరవై నంబరు నూలైతే పౌనుకు 16,800 గజాలు, పదిహేను కిలోమీటర్లకు పైనే. శ్రీకాకుళం జిల్లా పొందూరులో వాలుగ చేప దవడతో పత్తిని ఏకి, చేత్తో వందో నంబరు నూలు వడుకుతారు. అంటే పౌనుకు దాదాపు 77 కిలోమీటర్లు! అది వేరే లోకం, దాని విలువ వేరు. మన బొంతకు ఇరవై, ముప్పై నంబరు గుడ్డ సరిపోతుంది. పన్నా ఎంతో కూడా చూసుకోండి. కొట్టువాడు పత్తి అని చెప్పినా ఒకసారి సరిచూసుకోవడం మంచిది. అంచున నాలుగు పోగులు లాగి, పెద్దవాళ్లచేత స్టీలు పళ్లెంలో వెలిగించి చూడండి. పత్తి అయితే కాగితం కాలిన వాసన వచ్చి మెత్తటి బూడిద మిగులుతుంది. పాలియెస్టర్ కలిసి ఉంటే కరిగి గట్టి పూస కడుతుంది.

ఇంక రంగు. కోరా గుడ్డ మీద మన తెలుగువాళ్లు చేసిన గొప్ప పని కలంకారీ. శ్రీకాళహస్తిలో కలంతో గీస్తారు, మచిలీపట్నం పక్కన పెడనలో అచ్చులతో అద్దుతారు. కాళహస్తిలో ముందుగా గాడా గుడ్డను కడిగి గంజి పోగొడతారు. తర్వాత కరక్కాయ పొడి కలిపిన గేదెపాలలో ముంచి ఎండబెడతారు. కరక్కాయలో టానిన్ అనే పదార్థం దండిగా ఉంటుంది. పాలలోని కొవ్వు రంగును పక్కకు పాకనివ్వదు. ఇనుప ముక్కలు, బెల్లం నీళ్లలో వేసి రోజుల తరబడి పులియబెడితే కసిమి తయారవుతుంది. అందులో ముంచిన కలం కరక్కాయ పట్టిన గుడ్డను తాకితే గీత అక్కడికక్కడే నల్లబడుతుంది. ఇనుమూ టానినూ కలిసి నల్లటి కొత్త పదార్థంగా మారడమే అది. పాతకాలం రాతసిరా కూడా ఇదే రసాయనం. ఎరుపుకు ఇనుము బదులు పటిక. పటిక నీళ్లతో గీసి, మంజిష్ఠ వేరుతో ఉడికిస్తే పటిక ఉన్నచోటే ఎరుపు నిలుస్తుంది. మిగతాచోట్ల పట్టిన రంగు ఉతుకుల్లో, ఎండలో వదిలిపోతుంది.

మచిలీపట్నం వైపు నుంచి ఓడలెక్కిన ఇలాంటి అద్దకం గుడ్డలు ఐరోపాలో పడక దుప్పట్లయ్యాయి, బొంతల పైగుడ్డలయ్యాయి. వాటి మోజు ఎంత పెరిగిందంటే అక్కడి ఉన్ని, పట్టు నేతగాళ్లు గోల పెట్టి 1700లో ఇంగ్లండులో చట్టం చేయించారు. రంగు అద్దిన మన గుడ్డలు రాకూడదన్నారు, అద్దకం లేని తెల్లగుడ్డను మాత్రం రానిచ్చారు. అక్కడివాళ్లు ఆ సాదా గుడ్డ మీద తామే అచ్చువెయ్యడం నేర్చుకున్నారు. 1721లో ఇంకా గట్టి చట్టం వచ్చింది, 1774 దాకా నడిచింది. ఆ తర్వాత మన అద్దకానికి పట్టిన గతి తలచుకుంటే నాకు ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది.

ఇంట్లో రంగు వేసుకోవాలంటే నాలుగైదు కరక్కాయల పెచ్చులు దంచి నీళ్లలో మరిగించండి. ముందే ఉడికించి ఉతికిన మీటరు గుడ్డను ఆ నీళ్లలో గంటసేపు ముంచి, పిండి ఆరెయ్యండి, లేత పసుపు వస్తుంది. తుప్పుపట్టిన మేకులు వారం రోజులు పుల్లటి నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లను పుల్లతో ఆ గుడ్డ మీద గీస్తే నల్లటి ముగ్గులు వస్తాయి. ఒక్క జాగ్రత్త. ఇనుము ఎక్కువైతే ఏళ్లు గడిచేకొద్దీ పత్తిని తినేస్తుంది. పాత బొంతల్లో తరచుగా ముందు చివికిపోయేవి నలుపు, ముదురు గోధుమరంగు ముక్కలే. కనుక ఇనుప నీళ్లు పలచగా వాడండి, ఆరాక బాగా ఉతకండి.

మొదటిసారి కుట్టేవాళ్లు పెద్ద బొంత జోలికి పోవద్దు. పసిపిల్లల కింద పరిచే బొంత మొదలుపెట్టండి. మీటరు పొడవు, ముప్పావు మీటరు వెడల్పు చాలు. ముప్పై ఆరు అంగుళాల పన్నా గుడ్డయితే రెండువైపులకూ కలిపి రెండుంబావు మీటర్లు కొనండి, కుంచించుకున్నా సరిపోతుంది. పసిబిడ్డకు కదా, రంగేమీ వద్దు, ఉడికించి ఉతికిన గుడ్డ ఉన్నదున్నట్టుగానే వాడండి. లోపల రెండు పాత నేతచీరల మడతలు పెట్టి, నాలుగు వేళ్ల ఎడంతో వరసలు కుట్టండి. ఎక్కడ సందేహం వచ్చినా ఇంట్లో అమ్మమ్మనో నాయనమ్మనో అడగండి. ముడి ఎక్కడ దాచాలో, మూల ఎలా మడవాలో ఈ తాతయ్య కంటే వాళ్లకే బాగా తెలుసు.